ఏడో మూత ఆనవాలు

సాయంత్రం ఐదయ్యేసరికి ఆమె పెరటి గుమ్మం దగ్గర రెండు బకెట్ల నీళ్లు పెట్టేది. మురుగు కాలువల మేస్త్రి అయిన భర్తను, ఆ రెండూ గుమ్మరించుకుంటే గానీ గడప దాటనిచ్చేది కాదు. ఆయన నీళ్లు పోసుకుంటూనే ఊసులన్నీ చెప్పేవాడు. ఏ ఇంటివాళ్లు మూకుడు నూనె తూములో పోస్తున్నారో, ఎవరు గుట్టుగా మేడ లేపుతున్నారో, కాలువ అడుగున పేరుకున్న ఒండ్రే ఆయనకు చెప్పేదట. ఆయన పోయి మూడు నెలలు. బకెట్లు బోర్లించే ఉన్నాయి.

ఆ రోజు పొద్దున్నే మురుగు ఎదురుతన్ని గుమ్మాల్లోకి ఎక్కసాగింది. కొత్త మేస్త్రి పనివాళ్లను వెంటబెట్టుకుని, ఆయన రాసుకున్న పాత నోటుబుక్కు పట్టుకొచ్చాడు. అందులో కాలువ మూతలన్నిటికీ ఆయన సొంత గుర్తులే. మూడో మూత, కుక్క పడుకునే చోటు. ఐదోది, టైలరు ఉమ్మే మూల. ఏడోదాని దగ్గర కొత్త మేస్త్రి నీళ్లు నమిలాడు.

"పిన్నిగారూ, ఏమీ అనుకోకండి. ఇక్కడ 'మా ఆవిడ అలిగే చోటు' అని ఉంది. అదెక్కడో..."

"నేనెప్పుడు అలిగాను?" అందామె.

పక్కింటావిడ కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని గోడ అవతలినుంచే అందుకుంది. "చాల్లే వదినా, ముప్పయ్యేళ్లు అలిగావు. చోటు చెప్పడానికి ఇప్పుడు సిగ్గేమిటి? మా వంటింట్లోకి వచ్చేస్తోంది."

"అంత తెలిస్తే నువ్వే చెప్పు."

"సణుగుడు వినపడేది. గోడ అడ్డం, మనిషి కనపడేది కాదు."

ఆ చోటు భార్యాభర్తలిద్దరికే తెలుసు. ఆమె అలిగి కూర్చుంటే ఆయన వచ్చి, మాట్లాడకుండా పక్కన కూలబడేవాడు. అది నలుగురికీ చూపించాలంటే కాళ్లు రాలేదు. పక్కింట్లో గిన్నెలు తేలి కొట్టుకుంటున్న చప్పుడు వినపడింది. స్నానాలగది వెనక సందులోకి దారితీసి, నాపరాయి చూపించింది.

గునపంతో రాయి లేపితే కింద ఇనుప మూత.

"ఇన్నేళ్లూ నన్ను మురుగు మూత మీద కూర్చోబెట్టాడన్నమాట," అందామె నెమ్మదిగా.

"అందుకే అంత తొందరగా లేచొచ్చేదానివి," అంది పక్కింటావిడ.

పనివాళ్లు పొడుగు గడలతో పైనుంచే తోడారు. ఇసుక, గడ్డకట్టిన జిడ్డు, జుట్టు ఉండలు, వాటి వెనకే బూడిదరంగు గట్టి పెచ్చులు వచ్చాయి. ఆమె వంగి చూసింది.

"ఇది వంటింటి ఒండ్రు కాదు బాబూ, సిమెంటు. మలుపులో మేడ కట్టేవాళ్లని అడుగు."

కాలువ గుటగుటమని మురుగంతా మింగేసింది. కొత్త మేస్త్రి నోటుబుక్కు, పెన్ను ఆమె చేతికిచ్చాడు.

"ఈ ముక్క కొట్టేసి సరైన గుర్తు రాసిపెట్టండి పిన్నిగారూ. ఎవరైనా చదివితే బాగుండదు."

ఆమె ఆ వంకర అక్షరాలు కాసేపు చూసింది. పెన్ను తెరవకుండానే రెండూ అతనికి తిరిగిచ్చింది.

"ఉండనీ బాబూ. చదివినవాళ్లు వచ్చి నన్నే అడుగుతారు."