చేతులు పట్టుకున్న కాగితం దయ్యాలు

మా బైండింగు షాపులో ఆయన్ని అందరూ జిగురు మావయ్య అంటారు. ముప్ఫై ఆరేళ్ళుగా ఆయన వేళ్ళ మీద జిగురు ఆరింది లేదు, అందుకని. కొత్తగా చేరినవాళ్ళు అసలు పేరు అడిగితే, "ఆ పేరు పెట్టి పిలిస్తే నేనే పలకను, వదిలెయ్యండి" అంటాడు. చిరిగిన పుస్తకం ఏదొచ్చినా రెండు చేతులతో అందుకుని ఒళ్ళో పెట్టుకుంటాడు. ఎక్కడ నొప్పిగా ఉందని అడుగుతున్నట్టు పేజీలన్నీ మెల్లగా తిప్పి చూస్తాడు.

నేను ఆయన పక్క బల్ల దగ్గర ఫారాలు మడుస్తాను. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాన్ని మడిచి పదహారు పేజీలు చేస్తే దాన్ని ఫారం అంటాం. అలా మడిచాక కొన్ని పేజీల అంచులు మూసుకుపోయి ఉంటాయి. కత్తి పెట్టి చీలిస్తే గాని అవి విడవు. మావయ్య ఆ పని కళ్ళతో చూడకుండానే చేసేవాడు. బొటనవేలు అంచు వెంట పోయేది, మూసిన మడత తగిలేది, కత్తి లోపలికి దూరి సర్రున బయటికొచ్చేది. అప్పుడు కూడా ఆయన ఎవరితోనో మాట్లాడుతూనే ఉండేవాడు.

ఇంట్లో మాత్రం ఆయన కత్తెర ముట్టుకునేవాడు కాదు. కత్తిరింపు అత్తయ్యది, అతికింపు ఆయనది. కాపురం పెట్టిన కొత్తలో ఎప్పుడో అలా పంచుకున్నారట, మళ్ళీ మార్చుకోలేదు. షాపులో మిగిలిన కాగితం ముక్కలు ఆయన ఇంటికి పట్టుకెళ్తే, ఆవిడ వాటిలోంచి పువ్వులూ పిట్టలూ తీసేది. పెన్సిలుతో గీసుకునేది కాదు. "గీత గీస్తే చెయ్యి భయపడుతుందమ్మా" అనేది నాతో. ఆవిడ చేతిలో కత్తెర కదిలేది కాదు, కాగితమే తిరిగేది. ఏ బొమ్మ చేసినా ఒక కన్ను కొంచెం పెద్దదిగా పెట్టేది. ఎందుకని అడిగితే, "అది మనల్ని చూస్తోందని తెలియొద్దూ?" అనేది.

మనవరాలి ప్రతి పుట్టినరోజుకీ గుమ్మానికి కట్టే కాగితం తోరణం అత్తయ్య చేతిదే. ఒక ఏడాది చేపలు, ఒక ఏడాది ఏనుగులు. ఈ ఏడు పిల్లకి పదేళ్ళు నిండుతున్నాయి.

"అమ్మమ్మా, ఈసారి దయ్యాలు కావాలి. మా ఫ్రెండ్సంతా వస్తారు. తెరలన్నీ వేసేసి చీకట్లో దయ్యం ఆట ఆడతాం. గుమ్మంలోకి రాగానే హడలిపోవాలి" అందట.

"మీ తాతయ్య ఉండగా వేరే దయ్యాలెందుకే?"

"తాతయ్యకి ఎవరూ భయపడరు అమ్మమ్మా."

"నా బాధా అదేనే తల్లీ."

ఆ సాయంత్రమే అత్తయ్య పొడుగాటి తెల్ల కాగితాన్ని విసనకర్రలా ఎనిమిది మడతలు వేసింది. ఎనిమిది దయ్యాలు చేతులు పట్టుకుని బారుగా రావాలని. కళ్ళు తొలిచింది. ఒక పక్క తల, భుజం, చెయ్యి, ముసుగు అంచు దాకా కత్తిరించింది. ఆయాసం వచ్చి, "మిగతాది రేపు" అని దాన్ని బిస్కెట్ల డబ్బాలో పెట్టింది. తెల్లారేసరికి ఆసుపత్రిలో ఉంది. పదకొండు రోజులుంది. తొమ్మిదో రోజు మనవరాలు మంచం పక్కన నిలబడితే, "దయ్యాలు వస్తాయిలే, మాటిచ్చానుగా" అందట. పన్నెండో రోజు ఆవిడ లేదు. దేవుడు ఆవిడకి ఎక్కువ బాధ లేకుండా తీసుకెళ్ళాడని మేమంతా అనుకున్నాం.

పుట్టినరోజు దగ్గర పడింది. కూతురు ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆవిడ గొంతు నాకూ వినపడుతోంది.

"అమ్మ పోయి రెండు నెలలు కాలేదు నాన్నా! గుమ్మానికి దయ్యాలు కడతానంటావేంటి? వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?"

"అనుకోనీ. మీ అమ్మ దానికి మాటిచ్చింది. మాట సగంలో ఉంది, అంతే."

"బజారులో దొరుకుతాయి, ఒకటి తెస్తాలే."

"బజారువాళ్ళు మాటివ్వలేదుగా" అని పెట్టేశాడు.

మర్నాడు బిస్కెట్ల డబ్బా షాపుకి తెచ్చాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక మూత తీసి నాకు చూపించాడు. మడతలన్నీ కలిపి పట్టుకుంటే సగం దయ్యం, ఒక చెయ్యి చాచి నిలబడి ఉంది. రెండో పక్క ఉత్త తెల్ల కాగితం.

"అమ్మాయ్, నువ్వు కత్తిరిస్తావా?"

"నా చేతికి అంత నేర్పు లేదు మావయ్యా. పాడుచేస్తానేమో. మీరే చెయ్యండి, అత్తయ్య పని మీ చేతులకే తెలుస్తుంది."

అప్పుడలా ఎందుకన్నానో. నేనే చేసుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మూడు రోజులు చిత్తు కాగితాల మీద సాధన చేశాడు. కటింగ్ మిషను దగ్గర పనిచేసే అతను నోరు ఊరుకోని మనిషి. నేల మీద పడిన ఒక బొమ్మని ఏరి చూసి, "మావయ్యా, ఇది దయ్యమా, బంగాళాదుంపా?" అన్నాడు.

"బాగా తిన్న దయ్యంరా. నీలాగ."

"దీన్ని చూసి పిల్లలు భయపడరు, వేయించమంటారు."

నవ్వించేవాడే గాని, ఆ మూడు రోజులూ మావయ్య వంతు అట్టలు కూడా తనే కోసి, కట్ట కట్టి ఆయన బల్ల కింద పెట్టాడు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. నేను చూశాను కాబట్టి రాస్తున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం మావయ్య చేతులు కడుక్కుని, పొడిగా తుడుచుకుని, అత్తయ్య కాగితం బయటికి తీశాడు. కత్తెర కదలకుండా పట్టుకుని కాగితాన్ని తిప్పాడు, అచ్చం ఆవిడలాగే. తల వంపు కలిసింది. భుజం దిగింది. చెయ్యి మడత దాకా వెళ్ళి ఆగింది. ముక్కలు రాలిపోయాక మడతలన్నీ కలిపి పట్టుకుని చూపించాడు. రెండు చేతులూ చాచిన నిండు దయ్యం. మిషను అతను కూడా బొటనవేలు పైకెత్తి చూపించాడు.

మడతలు అణగాలని మావయ్య దాన్ని బల్ల మీద పెట్టి, ఎముక బద్దతో రుద్ది, రోజూ ఫారం సర్దినట్టే అంచులు సర్దాడు.

"మావయ్యా, లైబ్రరీ పుస్తకాల తాడు ఎక్కడుంది?" అని అవతల్నుంచి మిషను అతను అడిగాడు.

"కిటికీ పక్కన, రెండో అరలో చూడు" అంటున్నాడు మావయ్య. బొటనవేలు అంచు వెంట పోయింది. మూసిన మడత తగిలింది. సర్. సర్. సర్.

నేను చూస్తూనే ఉన్నాను. ఆయన ఏం చేస్తున్నాడో నా బుర్రకెక్కేసరికి మూడూ అయిపోయాయి.

మావయ్య కత్తి కింద పెట్టి కాగితం విప్పాడు. రెండేసి చొప్పున నాలుగు జంటలుగా విడిపోయి బల్ల మీద పడ్డాయి. తను కత్తిరించిన పక్క చేతులు పట్టుకునే ఉన్నాయి. తెగినవి అత్తయ్య కత్తిరించిన చేతులు, మూడు చోట్లా.

"అలవాటమ్మాయ్" అన్నాడు. "మీ అత్తయ్య తన చేత్తో కలిపి పెట్టింది."

మిషను ఆగిపోయింది. అతను ఆపేశాడు. ఇంకో కాగితం మడుద్దాం మావయ్యా, రాత్రిలోగా అయిపోతుంది అన్నాను. తల అడ్డంగా ఊపాడు. మిషను అతను బయటికెళ్ళి టీ తెచ్చి, ఆయన చెయ్యి తగలని చోట చూసి పెట్టాడు, కాగితాల మీద ఒలకకుండా. ఆ టీ అలాగే చల్లారింది.

చాలాసేపటికి మావయ్య లేచి అలమరలోంచి అతుకు కాగితం తీశాడు. పాత పుస్తకాల్లో చిరిగిన పేజీలకి వేసే పల్చటి కాగితం అది. దాన్ని కత్తిరించకూడదు, తడి వేలితో గీత గీసి చింపాలి. అప్పుడే అంచున నూగులా పీచు వచ్చి పేజీలో కలిసిపోతుంది. మూడు పట్టీలు చింపాడు. తెగిన చేతుల్ని కొసా కొసా కలిపి, వెనక ఒక పట్టీ వేసి, పైన బరువు పెట్టాడు. ఒక్కొక్కటీ ఆరాకే రెండోది. షాపు మూసే వేళ దాటిపోయినా యజమాని తాళాలు చప్పుడు చెయ్యకుండా గుప్పిట్లో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

శనివారం సాయంత్రం కూతురింటికి నన్నూ రమ్మన్నారు. తోరణం గుమ్మానికి కట్టేసరికి కూతురు లోపల్నుంచి విసురుగా వచ్చింది. ఏదో అనబోయింది. ఒక కన్ను పెద్దదీ, ఒక కన్ను చిన్నదీ, ఎనిమిది మొహాలూ ఆవిడ వైపే చూస్తున్నాయి. కొంగుతో మూతి అదిమిపెట్టుకుని, "రెండో కొస నేను కడతాలే నాన్నా" అని స్టూలెక్కింది.

మనవరాలు కింద నిలబడి ఒక్కొక్క దయ్యాన్నీ లెక్కపెట్టింది.

"తాతయ్యా, వీటి చేతులకి కట్లెందుకున్నాయి?"

"విడిపోతే అతికించానమ్మా."

"ఎవరు విడదీశారు?"

తప్పు మిషను అతని మీద పెట్టినా ఎవరూ కాదనరు. కాని మావయ్య, "నేనే" అన్నాడు.

పిల్ల ఆయన మొహంలోకి చూసి, మళ్ళీ తోరణం చూసి, "అమ్మమ్మ ఇచ్చిన మాట వచ్చేసిందిగా, అయితే పర్లేదు" అంది.

తెరలు వేశారు. ఆటలో దయ్యం ఎవరంటే పిల్లలంతా తాతయ్య అన్నారు. దుప్పటి కప్పుకుని ఆయన గదిలో ఒక మూల కూర్చోవాలి, చీకట్లో తడుముకుంటూ వాళ్ళు కనిపెట్టాలి. నేను తలుపు పక్కన ఉన్నాను. కిచకిచలు, గుద్దుకోవడాలు, నవ్వులు. మనవరాలే ముందు ఆయన దగ్గరికి వెళ్ళింది. దుప్పటి మీద చెయ్యి వేసి మొహం తడిమింది. చెయ్యి ఆగిపోయింది. ఆ దుప్పటి తడిసి ఉందని నాకు తర్వాత, దాన్ని మడిచేటప్పుడు తెలిసింది.

"ఇక్కడెవరూ లేరు! అటు వెతకండి!" అని అరిచింది పిల్ల. చేతులు చాపి మిగతా వాళ్ళందర్నీ అవతలి మూలకి తోలుకుపోయింది.

దేవుడు ఆ బుద్ధి ఆ వయసులో ఎలా పెడతాడో నాకు తెలీదు.

ఆట అయ్యాక మావయ్య తోరణం విప్పి మడవబోయాడు. అత్తయ్య వేసిన మడతల్లో తను తెంచిన మూడింటి దగ్గరా అతుకు బిగుసుకుపోయి కాగితం వంగలేదు. బలవంతం చెయ్యలేదు. అలాగే చాపి, రెండు చేతుల మీదా మోసుకుంటూ ఇంటికి తీసుకెళ్ళాడు. ఇప్పుడది అత్తయ్య మంచం పైన గోడకి ఉంది.

షాపులో పని మామూలుగానే సాగుతోంది. ఫారాల్లో మూసిన మడత తగిలితే మాత్రం ఆయన దాన్ని మెల్లగా నా బల్ల వైపు జరుపుతాడు, మాట్లాడడు. నేను కత్తి తీసుకుంటాను. ఆ చప్పుడు అయ్యేదాకా ఆయన కిటికీ వైపు చూస్తుంటాడు.