బియ్యం టబ్బులో మిరపకాయ

మిరపకాయ కారంగా ఉంటుందన్న సంగతి మర్చిపోయిన మనిషి మన గుంటూరు మొత్తం మీద ఒక్కతే ఉంది. ఆ ఒక్కతీ ఇప్పుడు మీ ముందు కూర్చుని టీ తాగుతోంది. నవ్వకండి! కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, కావాలంటే చూడండి. మొన్న బుధవారం జరిగింది. చెబుతా, మధ్యలో ఆపొద్దు.

నేను చదివేది ఆక్యుపేషనల్ థెరపీ అని మీకు తెలుసు కదా. మా మేనమామకి మాత్రం ఇప్పటికీ తెలీదు. "అయితే మావాడికో ఉద్యోగం ఇప్పించవే" అంటాడు. అది కాదు మామయ్యా, చెయ్యో కాలో పడిపోయినవాళ్లకి వాళ్ల పనులు వాళ్లే చేసుకోవడం మళ్లీ నేర్పించే చదువు అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. ఇప్పుడు ఫైనలియర్. గుంటూరులో ఒక హాస్పిటల్లో క్లినికల్ పోస్టింగ్. రోజూ పెదకాకాని నుంచి బస్సు.

బస్సులో నాకు కిటికీ సీటు దొరికిందంటే అంతే సంగతులు. గాలి మొహానికి తగులుతుంటే, రోడ్డు పక్కన ఎర్రగా ఆరబోసిన మిరప కళ్లాలు అలా అలా వెనక్కి జారిపోతుంటే, ఎక్కడి నుంచో ఎగిరొచ్చిన పత్తి పింజ ఒకటి కిటికీలో తేలుతుంటే, నేనిక్కడ ఉండను. ఎక్కడికో వెళ్లిపోతా. మా అమ్మ దీన్ని "కళ్లు తెరుచుకుని నిద్రపోవడం" అంటుంది. తిట్టే అనుకోండి, కానీ కరెక్టుగానే చెప్పింది.

సరే, అసలు కథ. నా పేషెంట్ పేరు మస్తాన్‌బీ. ప్రత్తిపాడు అవతల ఒక ఊరు. మొదటిరోజే "గారూ గీరూ ఏంటే, పిన్నీ అను" అని ఆర్డరేసింది. సీజన్లో కళ్లాల దగ్గర మిరపకాయలకి తొడిమలు తీసే పని ఆమెది. కిటికీ అద్దం పగిలి కుడి మణికట్టు దగ్గర లోతుగా తెగింది. నరం కూడా తెగింది. ఆపరేషన్ చేసి నరాన్ని కలిపారు. వేళ్లు కదులుతున్నాయి, పట్టుకుంటున్నాయి. కానీ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఈ మూడింటికీ స్పర్శ లేదు. కాయ చేతిలో ఉందో జారిపోయిందో కిందకి చూస్తేగానీ తెలీదు.

"ఇది నా చెయ్యి కాదే పాపా. ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది" అనేది.

ఒకరోజు బంతి పిసుకుతూ తనలో తను మాట్లాడుకుంటున్నట్టు ఇంకో మాట అంది. "సీజన్లో చేతులు మండి నిద్ర పట్టేది కాదు. గిన్నెలో నీళ్లు పోసుకుని చెయ్యి ముంచుకుని పడుకునేదాన్ని. ఛీ, ఏం బతుకు అని తిట్టుకునేదాన్ని. ఇప్పుడేమో ఒక్కసారి మండితే బాగుండుననిపిస్తోంది."

నాకు ఆ మాట మనసులో ఉండిపోయింది. మంగళవారం వెళ్లేటప్పుడు చెప్పింది: "రేపొచ్చి ఆపేస్తా పాపా. రెండు బస్సులు మారి వస్తున్నా. ఎన్నాళ్లని పిసుకుతా ఈ బంతుల్ని? దీనికి ఇంక ఏమీ రాదు." నరం మెల్లగా పెరుగుతుంది పిన్నీ, ఇంకొంచెం ఓపిక పట్టు అన్నా. నవ్వింది. ఆ నవ్వు ఏంటంటే, చిన్నపిల్లవి, నీకేం తెలుసులే అని.

మా సూపర్వైజర్ సుధారాణి మేడమ్ సంగతి విన్నారు. "రేపు సెన్సరీ టబ్ నువ్వే రెడీ చెయ్యి హారికా" అన్నారు. సెన్సరీ టబ్ అంటే పెద్ద విషయమేం కాదు. టబ్బులో బియ్యం పోసి, అందులో చిన్న చిన్న వస్తువులు దాస్తాం. పేషెంట్ కళ్లు మూసుకుని చేత్తో తడిమి కనిపెట్టాలి. "ఎప్పుడూ ఆ గోళీలూ గుండీలేనా? ఆవిడ రోజూ ముట్టుకునే వస్తువులు పెట్టు. చేతికి పాత పరిచయాలు గుర్తు రావాలి" అన్నారు మేడమ్.

పాత పరిచయాలు! ఎంత బాగుందో కదా మాట!

ఆ సాయంత్రం మా మేడ మీదికెళ్లా. ఎండ వాలుతోంది. అమ్మ చాప మీద ఎండబెట్టిన మిరపకాయలు ఆ వెలుగులో ధగధగా మెరిసిపోతున్నాయి. అలా చూస్తూ నిలబడిపోయా. మస్తాన్‌బీ పిన్ని కళ్లు మూసుకుంటుంది. బియ్యంలో చెయ్యి పెడుతుంది. వేళ్లకి ఏదో తగులుతుంది. మెల్లగా నవ్వుతుంది. "మిరపకాయే పాపా!" అంటుంది. మేడమ్ చప్పట్లు. అక్కడి నుంచి కల ఇంకాస్త ముందుకెళ్లింది. పెద్ద హాలు, స్టేజీ, చీరాల చీర కట్టుకుని మైకు ముందు నేను. "ఆ ఐడియా మీకెలా వచ్చింది హారిక గారూ?" అని ఎవరో అడుగుతున్నారు.

ఇంట్లోనే ఒక టబ్బులో బియ్యం పోసి, గుప్పెడు కాయలు తెచ్చి అందులో వేశా. ఇక్కడితో ఆగినా బాగుండేది. నిండుకాయ అయితే సులువుగా దొరికిపోతుంది, టెస్టంటే కాస్త కష్టంగా ఉండాలి కదా అని ఒక్కోదాన్నీ సగానికి తుంచి మరీ వేశా! గింజలు రాలాయి. రాలితే రాలాయి, టెక్స్చర్ బాగుంటుంది అనుకున్నా.

అమ్మ వచ్చి చూసి, "ఏంటే అది, ఎలకలకి మందా?" అంది.

"క్లయింట్ సెంటర్డ్ అప్రోచ్ అమ్మా."

"ఏదో ఒకటి. ముందు చెయ్యి కడుక్కో."

చూడండి, మొత్తం ఇంట్లో పనికొచ్చే మాట అదొక్కటే. ఆ పూటకి కడుక్కున్నా కూడా. మర్నాటికి టబ్బు పట్టుకుని, ఆ మాట మాత్రం ఇంట్లోనే వదిలేసి బస్సెక్కా.

బుధవారం. మా థెరపీ గదిలో ఒక మూల కోటయ్య గారు. పక్షవాతం వచ్చి తగ్గుతున్న పెద్దాయన, చొక్కా గుండీలు పెట్టుకోవడం ప్రాక్టీసు చేస్తున్నారు. ఇంకో మూల నేనూ, మస్తాన్‌బీ పిన్నీ, మధ్యలో టవల్ కప్పిన టబ్బూ. పైన ఫ్యాను ఫుల్ స్పీడు.

"ముందు నేను చేసి చూపిస్తా పిన్నీ" అని కళ్లు మూసుకుని చెయ్యి పెట్టా. బియ్యంలో చెయ్యి పెడితే ఎంత చల్లగా ఉంటుందో ఎప్పుడైనా గమనించారా? వేళ్ల సందుల్లోంచి గింజలు జారుతుంటే మెత్తగా, హాయిగా... స్టేజీ, మైకు, చీరాల చీర...

"పాపా, నిద్రపోయావా?"

ఉలిక్కిపడి చెయ్యి తీశా. పిన్ని కళ్లు మూసుకుంది. చెయ్యి పెట్టి కలిపింది. "ఏమీ తెలీట్లా" అంది నీరసంగా. ఇంకాసేపు, ఇంకాసేపు అని నేను బతిమాలుతున్నా. ఆమె పాపం పిసుకుతూనే ఉంది. తుంచిన కాయలన్నీ పొడిపొడి అవుతున్నాయి. పైనుంచి ఫ్యాను.

మొదటి తుమ్ము కోటయ్య గారిది. అప్పటిదాకా అరగంట కష్టపడి పెట్టుకున్న గుండీ ఊడిపోయింది.

"ఎవరమ్మా ఇక్కడ పోపు పెడుతోంది!"

రెండోది నాది. మూడోది కూడా నాదే. గదంతా ఘాటు! కిటికీ పక్కన తమ వంతు కోసం కూర్చున్న వాళ్లు దగ్గుతూ వరండాలోకి పరుగు. నాకు కళ్లమ్మట నీళ్లు. నీళ్లొస్తే మనిషన్నవాడు ఏం చేస్తాడు? తుడుచుకుంటాడు. తుడుచుకున్నా. ఏ చేత్తో?

అబ్బా! నేనేసిన కేక విని పక్క వార్డులో నర్సు ట్రే పడేసిందట. కళ్లు కనబడక స్టూల్ తన్నుకుని, కర్టెన్ పట్టుకుని, కర్టెన్తో సహా వాష్‌బేసిన్ దగ్గరికి చేరా. నీళ్లు కొట్టుకుంటే ఇంకా మంట. "నీళ్లు కాదమ్మా, పెరుగు, పెరుగు!" అని కోటయ్య గారి అరుపు. క్యాంటీన్ అతను పెరుగు ప్యాకెట్‌తో ప్రత్యక్షం. అతను చించడం, నేను మొహం తిప్పడం ఒకేసారి జరిగాయి. పెరుగంతా చున్నీ మీద.

"కళ్లల్లో పెరుగేంటి! పిచ్చా మీకు! సెలైన్ తీసుకురండి!" అని సుధారాణి మేడమ్ గొంతు. నా తల వంచి కళ్లు కడుగుతూనే మొదలుపెట్టారు. "స్పర్శ లేని చేతికి వేడి, పదును, ఘాటు దగ్గరికి రానివ్వకూడదు. ఎన్నో పాఠం ఇది?"

"మొదటి పాఠం మేడమ్." బొమ్మ వేసి మరీ రాశా పరీక్షలో.

అప్పుడు గుర్తొచ్చింది. పిన్ని చెయ్యి! నాకైతే మంట తెలుస్తుంది, గోల చేస్తున్నా. ఆమెకి తెలీదే! ఆ చెయ్యి బొబ్బలెక్కినా తెలీదే! నిజంగా చెబుతున్నా, ఆ క్షణంలో నా కళ్ల మంట కూడా పోయింది. అంత భయం వేసింది.

తడి కళ్లతో మసకమసగ్గా చూశా. మస్తాన్‌బీ పిన్ని కుర్చీలో అలాగే కూర్చునుంది. కళ్లు మూసుకునే ఉంది. తెరవమని ఎవరూ చెప్పలేదుగా మరి! చెయ్యి ఇంకా బియ్యంలోనే ఉంది. గదిలో అంత గోల జరుగుతుంటే ఆమె మాత్రం ఎక్కడో దూరంగా ఏదో వింటున్నట్టుంది.

"పాపా" అంది మెల్లగా. "చూపుడువేలు చిటపటలాడుతోంది."

కోటయ్య గారు తుమ్ము ఆపుకున్నారు.

"ఎక్కడమ్మా?" మేడమ్ అడిగారు.

"ఈ పక్కన. చివర. మండుతోంది... మండుతోందమ్మా! అల్లా, నా వేలు మండుతోంది!"

మేడమ్ గబగబా ఆమె చెయ్యి సబ్బుతో కడిగించారు. తుడిచారు. కళ్లు మళ్లీ మూసుకోమని, పిన్నీసు తీసి ఒకసారి మొన తగిలించారు, ఒకసారి మొద్దు వైపు తగిలించారు. బొటనవేలికి ఏమీ లేదు. మధ్యవేలికి ఏమీ లేదు. చూపుడువేలికి మొన తగలగానే, "గుచ్చారు!" అంది పిన్ని. మళ్లీ చేశారు. "గుచ్చారు!"

"ముందు మంటా నొప్పీ తెలుస్తాయమ్మా. మెత్తటి స్పర్శ ఆ తర్వాత వస్తుంది. నరం మేలుకుంటోంది" అన్నారు మేడమ్. ఆవిడ గొంతు కూడా కాస్త వణికింది. ఘాటుకే అని తర్వాత చెప్పారు, నేను నమ్మలేదు.

పిన్ని ఏడ్చేసింది. కళ్లు తుడుచుకోబోతూ చెయ్యెత్తింది. సబ్బుతో కడిగినా ఘాటు పోని ఆ చెయ్యే!

"ఆగు!" అని మేడమూ, నేనూ, కోటయ్య గారూ ఒకే గొంతుతో అరిచాం. నేనొక్క గెంతు గెంతి నా చున్నీతో ఆమె కళ్లు తుడిచా. చున్నీ నిండా పెరుగుందని అప్పుడు గుర్తులేదు. పెరుగు మొహంతోనే నన్ను గట్టిగా పట్టుకుని ఏడుస్తూ నవ్వింది. నేనూ ఏడ్చా. నాకు ఎందుకేడుస్తున్నానో కూడా తెలీదు, సంతోషమో మంటో.

"ఇది నీ గొప్ప కాదు, ఆవిడ నరం గొప్ప. మంట పిన్నీసుతోనూ తెలిసేది. ఇంకోసారి ఇలాంటి పని చేశావో, పోస్టింగ్ మళ్లీ మొదటి నుంచి చేయిస్తా" అన్నారు మేడమ్. తర్వాత పిన్ని వైపు తిరిగి, "శుక్రవారం వస్తావా మస్తాన్‌బీ?" అన్నారు.

"రాకేం చేస్తా! పాపా, ఆ కాయలు మాత్రం ఈసారి నేను తెస్తాలే. మీ ఇంటివాటికి ఘాటు లేదు, ఒక్క వేలికే సరిపోయాయి."

వద్దని మేడమ్ దణ్ణం పెట్టారు.

టబ్బు నేనే ఖాళీ చేసి, గదంతా నేనే ఊడ్చి, సాయంత్రం బస్సెక్కా. కిటికీ సీటు దొరికింది. ఎండ వాలుతోంది. కళ్లాలు ఎర్రగా వెనక్కి జారిపోతున్నాయి. ఒకవేళ పిన్ని మళ్లీ వాటి మధ్య కూర్చుని, చెయ్యి మండుతోందని తిట్టుకుంటూ తొడిమలు తీస్తే ఎంత బాగుంటుంది! మళ్లీ స్టేజీ వచ్చింది. మైకు వచ్చింది. "ఆ రోజు నా పేషెంట్ ఏమందంటే..." అని చెబుతున్నా. కళ్లు చెమ్మగిల్లాయి. సుతారంగా తుడుచుకున్నా.

టబ్బు ఖాళీ చేసిన చేత్తో!

బస్సు ఆపేదాకా అరిచానట. "ఏమ్మా, పెదకాకాని ఎప్పుడో దాటిపోయింది, ఇప్పుడా అరిచేది!" అన్నాడు కండక్టర్.

ఆలోచిస్తే ఒకటే అనిపిస్తోంది. తెగి కుట్టించుకున్న నరానికి మొదటిసారికే మంట తెలిసొచ్చింది. ఒక్కటీ తెగని నరాలు ఒంటినిండా పెట్టుకుని నాకు రెండుసార్లు కావాల్సొచ్చింది.