కాగితం మీద బొట్టు

ఈ సంగతి ఇంతకుముందు రాయలేకపోవడానికి రెండు కారణాలు. ఒకటి, నాకు అక్షరాలు రాకపోవడం. యాభై నాలుగో ఏట గానీ అ ఆలు దిద్దలేదు. రెండోది, అక్షరాలు వచ్చాక కూడా చాలాకాలం దీని జోలికి పోలేదు. నా జీవితంలో నేను మొదట చదివిన మాట చనిపోయిన ఒక మనిషి పేరు. ఆ పేరు మళ్లీ రాస్తే పిలిచినట్టు అవుతుందేమోనని భయపడ్డాను. ఆ భయం పూర్తిగా పోయిందని ఇప్పటికీ చెప్పలేను.

కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోయిన మరుసటి ఏడు అది. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీ నగర్‌కూ మధ్య, మెట్రో స్తంభాల వెనక ఉన్న ఒక వార్డు ఆఫీసులో నేను అటెండర్ని. మాది నల్లగొండ దిక్కు పల్లె. మా ఆయన సఫాయి పని చేస్తూ పోయాక ఆయన జాగాలో నన్ను తీసుకున్నారు. చదువు రాదని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. నా పేరు యాదమ్మ అని ముగ్గు వేసినట్టు గీయడం మాత్రం నేర్చుకున్నాను, సంతకానికి అది చాలింది. ఎవరైనా కాగితం చేతికిస్తే "కండ్లద్దాలు ఇంట్ల మర్చిన" అనేదాన్ని. రోజూ మర్చిపోతే నమ్మరని, ఫుట్‌పాత్ మీద ఒక జత కొని ముక్కు మీద పెట్టుకుని తిరిగాను.

ఆరు నెలలకోసారి మాకు ఫిజికల్ వెరిఫికేషన్ ఉండేది. అంటే పింఛన్ తీసుకునే ముసలివాళ్లు, భర్త పోయినవాళ్లు, దివ్యాంగులు బతికి ఉన్నారా లేదా అని ఇంటికి పోయి కళ్లతో చూసి రావడం. ఒక గల్లీ నాకు ఇచ్చారు. ఇరవై మూడు ఇళ్లు, ఇరవై మూడు పేర్లు. జాబితా ఇళ్ల వరసలోనే ప్రింటు అయ్యేది. మొదటి ఇల్లు మొదటి వరస, రెండో ఇల్లు రెండో వరస. నాకు ఏ పేరూ చదవనక్కర్లేదు. వేళ్ల మీద లెక్కపెడుతూ నడిస్తే చాలు.

మిగతావాళ్లు పెన్నుతో టిక్కు పెట్టేవారు. నేను పెన్ను పట్టేదాన్ని కాదు. పెన్ను చూస్తే ఎవరో ఒకరు "ఫోన్ నంబర్ గూడ రాసుకో" అంటారని భయం. అందుకని కొంగున చిన్న కుంకుమ డబ్బీ కట్టుకుని పోయేదాన్ని. మనిషి కనబడితే ఆ వరస పక్కన ఉంగరం వేలితో ఒక బొట్టు. మనిషి పోయి ఉంటే ఆ వరస ఖాళీ. ఖాళీ ఉన్నచోట మా కంప్యూటర్ ఆపరేటర్ స్వప్న మేడం డెత్ ఎంట్రీ చేసేది. ఆమెది గుంటూరు వైపు. "యాదమ్మగారి లిస్టు చూస్తే పూజ చేసి తెచ్చినట్టుంటుందండీ" అని నవ్వేది.

గల్లీలో ముసలివాళ్లకు ఆ బొట్టు సంబరంగా ఉండేది. వాళ్లలో చాలామంది భర్త పోయినవాళ్లు. మూడో ఇంటి బాలమ్మ ప్రతిసారీ అడిగేది: "పెట్టినవా బిడ్డా? నొసట ఎట్లాగు పెట్టుకోనియ్యరు, కాయితం మీదనన్న ఉండనియ్యి."

బాలమ్మకు చూపు లేదు. ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, కార్ల వెనక ఉన్న గదిలో ఉండేది. ఆమె చెల్లెలి కూతురు పద్మ అక్కడి వాచ్‌మన్ భార్య. ఏడో ఇంట్లో ఈశ్వరమ్మ ఒక్కతే కిరాయికి ఉండేది. ఆమె నడుము వంగిపోయి, సర్కారు క్యాంపులో ఇచ్చిన నాలుగు కాళ్ల వాకర్ పట్టుకుని నడిచేది. వాకర్ ఒక కాలికి రబ్బరు ఊడిపోయింది. అందుకని ఆమె నడిస్తే మూడు మెత్తని చప్పుళ్లు, ఒక టింగుమనే చప్పుడు. ఆ టింగు వినగానే బాలమ్మ లేచి నిలబడేది. ఇద్దరూ కలిసి పోస్టాఫీసుకు పోయేవారు, వచ్చేటప్పుడు గల్లీ మొదట్లో టీ తాగేవారు.

ఆ ఏడాది ఎండాకాలంలో ఈశ్వరమ్మ చనిపోయింది. తర్వాత వచ్చిన వెరిఫికేషన్‌లో ఏడో ఇల్లు చేరేసరికి తలుపుకు తాళం ఉంది. ఏడో వరస ఖాళీగా వదిలాను. మిగతా ఇరవై రెండింటికీ బొట్లు పెట్టి ఆఫీసులో ఇచ్చేశాను.

రెండు నెలలు గడిచాక ఒక ఉదయం పద్మ ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి అరుస్తోంది.

"మా పెద్దమ్మను సంపింది ఎవలు? బయటికి రమ్మను!"

నేను పరిగెత్తాను. "ఏమైంది పద్మా? బాలమ్మకు ఏమైంది?"

"నన్నడుగుతవా? పోయిన నెల పోస్టాఫీసుల యేలు పెడితే తీస్కోలే. మిషన్ ఖరాబైందనుకున్న. ఇయ్యాల్ల పోతే 'ఈమె చనిపోయింది' అన్నరు. ఆమె నా పక్కనే నిలబడ్డది అక్కా! అన్నీ విన్నది. అంతకుముందే మూడు రోజుల సంది అన్నం ముట్టుతలేదు. ఇప్పుడు నీళ్లు గూడ వద్దంటుంది. పోయినదానికి ఎందుకే అంటుంది."

ఆ మధ్యాహ్నమే నేను సెల్లార్‌కు దిగాను. పైన రోడ్డు మీద ఎండ మండుతోంది. ర్యాంప్ మీద పది అడుగులు దిగేసరికి చీకటి, చల్లదనం. లోపల ఎక్కడో పైపు నుంచి నీళ్లు కారుతున్నాయి. బాలమ్మ మంచం మీద ఒక మూలకు ఒదిగి కూర్చుంది. ఇంకొకరికి చోటిచ్చినట్టు సగం మంచం వదిలేసింది.

"ఒచ్చినవా యాదమ్మా," అంది నేను మాట్లాడకముందే. "పద్మా, ఛాయ తే. మూడు గిలాసలు."

పద్మ నా వైపు చూసి తల కొట్టుకుంది. "ఇగ చూడు. రోజూ గిదే కత." అయినా మూడు గ్లాసులూ తెచ్చింది. ఒకటి నా చేతికిచ్చింది, ఒకటి బాలమ్మ ముందు పెట్టింది. మూడోది ఆ ఖాళీ చోటున పెట్టింది.

"బాలమ్మా, ఎవరికిది?"

"ఈశ్వరమ్మకు. నువ్వు బొట్లు పెట్టి పోయిన దినం సంది ఒస్తుంది. ముందు చప్పుడే ఇనబడేది. ఇప్పుడు కూసుంటుంది."

"ఆమె పోయింది గద అవ్వా."

"నేను గూడ గట్లనే అన్న. అది నవ్వింది. 'పోయింది నేను గాదే, నువ్వు. నీ తావుల నేనున్న, నా తావుల నువ్వున్నవ్' అన్నది. నాకు సమజ్ కాలే. ఇయ్యాల్ల పోస్టాఫీసుల విన్నంక సమజైంది."

నా చేతిలో టీ చల్లారిపోయింది. నీళ్లు కారే చప్పుడును అంతసేపూ నేను లెక్కపెడుతూనే ఉన్నానని అప్పుడు తెలిసింది. మెత్తగా మూడు, తర్వాత ఒక టింగు. పైపు కింద రేకు డబ్బా ఏదైనా ఉందేమోనని బయటికి వచ్చి చూశాను. పైపు కింద ఉత్త సిమెంటు నేల.

ఆఫీసుకు వచ్చి స్వప్న మేడం పక్కన నిలబడ్డాను. "మేడం, ఈశ్వరమ్మ పేరు ఒకసారి తీయండి. ఏడో ఇల్లు."

ఆమె తీసి చూసింది. "లైవ్‌లో ఉన్నారండీ. మీరే బొట్టు పెట్టారుగా."

"ఆమె పోయింది మేడం. నేను ఖాళీ వదిలిన."

ఆమె ఫైల్లోంచి పాత కాగితం తీసింది. "ఇదిగో, మూడో వరస ఈశ్వరమ్మ, బొట్టుంది. ఏడో వరస బాలమ్మ, ఖాళీ. ఈసారి కొత్త సాఫ్ట్‌వేర్ కదండీ, ఇళ్ల వరస కాకుండా కార్డు నంబర్ల వరసలో ప్రింటయింది. పేరు చూసే కదా పెట్టారు?"

మూడో ఇంట్లో బాలమ్మకని పెట్టిన బొట్టు ఈశ్వరమ్మకు తగిలింది. ఏడో ఇంట్లో ఈశ్వరమ్మకని వదిలిన ఖాళీ బాలమ్మకు తగిలింది. సరిగ్గా ఒకరి చోట ఒకరు. ఈ సంగతి ఆ క్షణం దాకా నాకే తెలియదు. పద్మకు తెలియదు, పోస్టాఫీసువాళ్లకు తెలియదు. చీకటి గదిలో కూర్చున్న చూపు లేని మనిషికి తెలిసింది.

అబద్ధం ఆడటానికి నోరు తెరిచాను. మంచం మీద ఆ ఖాళీ చోటు గుర్తొచ్చింది. "మేడం, నాకు చదువు రాదు," అన్నాను.

ఆమె కుర్చీ నా వైపు తిప్పుకుంది. "మరి ఇన్నేళ్లూ ఆ కళ్లద్దాలు?"

"అవి ఉత్త అద్దాలు మేడం."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. నా కళ్లద్దాలు తీసుకుని ఒకసారి వాటిలోంచి గోడవైపు చూసి తిరిగి ఇచ్చింది. "మీ ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆవిడ సంగతి. డెత్ ఎంట్రీ వెనక్కి తీయాలంటే మనిషిని తీసుకొచ్చి కెమెరా ముందు కూర్చోబెట్టాలండీ. రెండు పేర్లూ సరిచేసిన కాగితం కూడా కావాలి. రేపు మధ్యాహ్నం లోపల. ఆ తర్వాత ఆ ఫైలు పూర్తిగా మూసేస్తారు. మళ్లీ కళ్ల సర్టిఫికెట్ నుంచి మొదలుపెట్టాల్సొస్తుంది."

సాయంత్రం మళ్లీ సెల్లార్‌కు పోయాను. జరిగింది చెప్పి, తప్పు నాదేనని చెప్పి, కాళ్లు పట్టుకున్నాను. బాలమ్మ కాళ్లు మంచులా ఉన్నాయి.

"నేను రాను," అంది. "నేను బతికినట్టు రాస్తే దాన్ని పోయినట్టు రాస్తరు. ఒకసారి పోయింది సాలదా? మళ్ల నా చేతుల మీదికెళ్లి సంపుమంటవా?"

పద్మకు కోపం వచ్చింది. "ఓ పెద్దమ్మా, అది సచ్చి ఆరు నెలలైంది! నువ్వు గిట్ల పండుకుంటే రేపో మాపో నిన్ను నిజంగనే ఎత్తుకపోవాలె!"

బాలమ్మ ఖాళీ చోటువైపు తల తిప్పి కాసేపు విన్నది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు దాన్ని పేరు వెట్టి పంపలేదు యాదమ్మా. ఉత్తగ వదిలేసినవ్. వదిలేస్తే యాడికి పోతది? పోయేటోళ్లకు గూడ ఎవలో ఒకలు చెప్పాలె. రేపు దాని ఇంటి ముంగట నిలబడు. ఆ కాయితంల దాని పేరు సూసి, సదివి, నీ చేత్తోని కొట్టెయ్యి. గప్పుడొస్త."

నేను ఆఫీసుకు తిరిగి వచ్చేసరికి స్వప్న మేడం బ్యాగు భుజానికి తగిలించుకుని బయల్దేరుతోంది. నా మాట విని మళ్లీ కూర్చుంది. పాత క్యాలెండర్ వెనక పెద్దగా నాలుగు అక్షరాలు రాసింది. నాకవి నాలుగు బొమ్మలు. నాలుగోది నా సంతకం చివర నేను గీసే బొమ్మే. మిగతావాటిలో మూడోది ఒక్కటే తేలిగ్గా పట్టుబడింది, గుండ్రంగా, నెత్తిన ఒక పిలకతో. మొదటి రెండూ చూసినకొద్దీ మారిపోతున్నట్టు ఉన్నాయి. ఇంటికి పోయి పొయ్యి దగ్గర కూర్చుని నేల మీద నీళ్లతో గీశాను. తడి ఆరగానే పేరు పోయేది, మళ్లీ గీసేదాన్ని. ఎన్నిసార్లు గీశానో, ఒకసారి చూస్తే మాత్రం అవి బొమ్మల్లా లేవు. ఎవరో నా మొహంలోకి చూస్తున్నట్టు ఉంది. నేల మీద ఆమె పేరు ఉంది, నేను చదువుతున్నాను.

ఆ తర్వాత నేను వయోజనుల తరగతికి పోయాను, ఉద్యోగమూ నిలిచింది. ఇప్పుడు వెరిఫికేషన్‌కు పోతే ప్రతి గుమ్మం ముందూ పేరు పైకి చదువుతాను. లోపలి మనిషి పలికాకే బొట్టు పెడతాను. ఎవరైనా పోయి ఉంటే వాళ్ల పేరూ చదువుతాను. కాగితం మీద ఖాళీ వదలడం ఏమీ చేయకపోవడం కాదని, అదీ ఒక పనేనని నాకు తెలిసింది బాలమ్మ వల్లనే.

నేల మీద ఆ పేరు దిద్దిన రాత్రి గడిచి, మరుసటి ఉదయం బాలమ్మ నా భుజం పట్టుకుని ర్యాంప్ ఎక్కింది. ఎండ తగలగానే మొహం చిట్లించింది. పద్మ మెట్లు కడిగే పనిలో ఉండి రాలేదు. మేమిద్దరమే ఏడో ఇంటి ముందు నిలబడ్డాం. తాళం అలాగే ఉంది. నేను మేడం ఇచ్చిన ఆ పాత జాబితా విప్పి పైనుంచి వెతికాను. మూడో వరసలో ఆమె నాకు కనబడింది.

"ఈ...శ్వ...ర...మ్మ."

"ఇంకోపాలి," అంది బాలమ్మ.

మూడుసార్లు చదివాను. చివరిసారి ఆగకుండా వచ్చింది. "ఈశ్వరమ్మా, నువ్వు పోయినవు. తప్పు నాది, చెప్పకుండా వదిలేసిన. బాలమ్మ జాగ బాలమ్మకు ఇడువు." పదిమంది తిరిగే గల్లీలో మొదటిసారి పెన్ను తీసి ఆ వరస మీద గీత గీశాను. అప్పుడే పైన మెట్రో రైలు పోయింది. బాలమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది.

"ఊఁ అన్నది. విన్నవా?"

నేను రైలు చప్పుడే విన్నాను. ఆ చప్పుడు ఆగాక తలుపు లోపల నేల మీద ఏదో ఇనుము ఒకసారి తగిలినట్టు అనిపించింది. తర్వాత ఏమీ లేదు. కొంగులోంచి డబ్బీ తీసి, బాలమ్మ వేలు కుంకుమలో అద్ది, ఏడో వరస పక్కన ఆమె చేతే బొట్టు పెట్టించాను.

ఆఫీసుకు పోతూ గల్లీ మొదట్లో టీ బండి దగ్గర ఆమె తనంతట తానే ఆగింది. "ఆకలైతుంది బిడ్డా. ఛాయ, బన్ను."

బండి అతను గ్లాసులు తీస్తూ మా వెనకవైపు చూశాడు. "మూడా అమ్మా?" అన్నాడు.

నేను వెనక్కి తిరగలేకపోయాను. బాలమ్మ మాత్రం నెమ్మదిగా తిరిగి, చూపు లేని కళ్లతో ఆ వైపు కాసేపు నిలబడింది.

"రెండే బాబు," అంది. "ఇంక రెండే."