సిస్టరమ్మ పిలిచిన హాజరు

నిన్న మహబూబాబాద్ దగ్గర మా లంబాడీ తండాలో పెళ్లి. పిల్లను పంపేటప్పుడు పాడు డీజే మోగింది కానీ, ఢావ్లో పాట మాత్రం ఎవరూ పాడలేదు. మన ఈడు వాళ్లకు గుర్తుంది కదా? వెళ్లిపోయే పిల్ల ఒక్కొక్కరి మెడ వాటేసుకుని, పేరుపేరునా పిలుస్తూ రాగం తీసి ఏడ్చే ఏడుపు.

నేను చివరిసారి అది విన్నది పెళ్లిలో కాదు, సిస్టరమ్మ వెళ్లిపోయిన రోజున.

ఎక్కడో ఇటలీ నుంచి మిషన్ తరఫున వచ్చి, మా తండా ఆడపిల్లలకు మొదటిసారి అక్షరాలు దిద్దించిన మనిషి ఆమె. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగి బడులు మూతపడితే, రోజూ నడిచొచ్చి, మా యాడి, అంటే మా అమ్మ, జొన్నరొట్టెలు కాల్చే పొయ్యి పక్కనే మాతో పుస్తకాలు తీయించేది.

"బడి బందైతే చదువు బందైతదా?" అనేది, అచ్చం మా యాసలోనే.

ముసలిదైందని మరుసటేడు ఆమెను మిషన్ వాళ్లు తిరిగి వాళ్ల దేశానికి పిలిపించుకున్నారు. జీపు దగ్గర మా అమ్మలు తెల్లగాజుల చేతులతో ఆమెను చుట్టేసి, కూతురిని సాగనంపినట్టే ఢావ్లో ఎత్తుకున్నారు. వెళ్లే మనిషి బదులు పాడాలి. పాట రాని సిస్టరమ్మ, ఏడుస్తూ మా హాజరు పిలిచింది. ఒక్కొక్కరం ఏడుస్తూనే పలికాం.

"కమ్లీ!"

ఎవరూ పలకలేదు. సిస్టరమ్మ కాళ్లావేళ్లా పడినా వినకుండా, ఆ సమ్మె రోజుల్లోనే కమ్లికి పెళ్లి చేసి పంపేశారు.

"కమ్లీ!" మళ్లీ పిలిచింది.

వెనక నుంచి కమ్లి తల్లి చెయ్యెత్తింది.

"ప్రజెంటు, సిస్టరమ్మా."