బత్తాయి కొలత టోపీ

నడికుడి రైల్వే క్వార్టర్ల వెనక వీధిలో ఏ బిడ్డ పుట్టినా సరే, తలకి మొదట పెట్టేది ప్రమీలమ్మ అల్లిన టోపీయే. పల్నాడు ఎండల్లో ఊలు టోపీ ఏందమ్మా అని ఎవరైనా నవ్వారా, అయిపోయారే! "ఊలని ఎవరన్నారు? నూలు దారం. పసిపిల్లకి ఒంట్లో వేడంతా తల్లోంచే పోద్ది. ఎండ నీకు, దానికి కాదు" అని వాయించి వదిలిపెడుతుంది.

దారానికి నరసరావుపేట దాకా వెళ్తుంది. కొట్లో రఫీక్ తళతళలాడే ఉండలు ముందేసి, "ఇది చానా ఫేమస్ అమ్మా" అంటాడు. "ఫేమస్సయితే నువ్వే పెట్టుకో" అంటూ ఆమె ఉండని దవడ కింద ఆనించి చూస్తుంది. గరుగ్గా తగిలిందా, పక్కకి నెట్టేస్తుంది. రంగు సంగతి ఆ తర్వాతే.

ఇక పనిముట్లంటారా, అన్నీ సొంత తెలివే. ట్రాక్‌మన్‌గా రిటైరైన భర్త జక్కయ్య సైకిలు పుల్లల్ని ఆకురాయితో అరగదీసి సూదులు చేసిపెట్టాడు. వరసల లెక్క తప్పకుండా చింతగింజలు ఒక మూతలోంచి ఇంకో మూతలో వేసుకుంటుంది. కొలతకి టేపు ముట్టదు. నెలలు నిండిన పిల్లకైతే పీచు తీసిన కొబ్బరికాయ, నిండని పిల్లకైతే పెద్ద బత్తాయి. టోపీ దానికి తొడిగి సరిపోతే సరిపోయినట్టే. ఇన్నేళ్లలో ఒక్కటీ తిరిగి రాలేదు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా ఆమే చెబుతుంది.

మిరప సీజన్లో మాత్రం సూదులు ముట్టదు. కల్లాల్లో రంగు మారిన తాలుకాయలు ఏరే కూలికి పోతుంది, ఆ ఘాటు చేతుల్ని ఒక పట్టాన వదలదు. ఈ ఏడు ఆ నియమం తప్పాల్సి వచ్చింది. ఎదురింటి బీబీ కూతురు ఫిర్దౌస్‌కి నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. కేజీన్నర. నరసరావుపేట ఆసుపత్రిలో మూడు వారాలుగా అద్దాల పెట్టెలో ఉంచారు. ఎల్లుండి బయటికి తీసి తల్లి గుండెల మీద పడుకోబెడతామని, తల వెచ్చగా ఉండాలి కాబట్టి సరిపోయే టోపీ తెమ్మని నర్సు చెప్పింది. కొట్లో కొన్నవేమో ముక్కు దాకా జారిపోతున్నాయి.

"అక్కా, నువ్వే దిక్కు" అంది బీబీ.

"దీనికి ఏడుపెందుకే? రేపటికల్లా నీ చేతిలో ఉంటది" అంది ప్రమీలమ్మ.

కూలి మానేసింది. చేతులు సబ్బుతో మూడుసార్లు, ఆపైన మజ్జిగతో, ఆపైన కొబ్బరినూనెతో రుద్దుకుంది. మర్నాడు మధ్యాహ్నానికి లేతాకుపచ్చ టోపీ బత్తాయి మీద చక్కగా కూర్చుంది. దవడ కింద పెట్టి చూసుకుంది. వెన్నలా ఉంది.

ఫిర్దౌస్ దాన్ని కళ్లకద్దుకుని ముద్దు పెట్టుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఊరుకో తల్లీ, సంతోషానికి ఏడుస్తారా ఎవరన్నా" అని ప్రమీలమ్మ మురిసిపోయింది.

"సంతోషం కాదు పెద్దమ్మా. కళ్లు మండుతున్నయ్. పెదాలు గూడా."

ప్రమీలమ్మ టోపీ లాక్కుని మళ్లీ దవడకి ఆనించింది. ఏమీ లేదు. బుగ్గకి రాసుకుంది. ఏమీ లేదు. జక్కయ్య కనురెప్పకి తగిలిస్తే "ఓర్నాయనో" అని నీళ్ల తొట్టి దగ్గరికి పరుగెత్తాడు. అప్పుడు అర్థమైంది. పన్నెండేళ్ల మిరప కూలికి తన చర్మమే మొద్దుబారిపోయింది. ఇది ఆ పసిగుడ్డు తలకి తొడిగి ఉంటేనో!

"ఉతుకుదాంలే అక్కా" అంది బీబీ.

"ఉతికాక ఘాటు పోయిందని ఎవరు చెప్పాలే? నేనా?" ప్రమీలమ్మ గడప మీద కూలబడింది. ఎక్కువసేపు కూర్చోలేదు. "ఏమయ్యా, పెట్టెలో కవరు విప్పని ఉండ ఉంది, అట్టాగే తెచ్చి ఫిర్దౌస్‌కియ్యి. బీబీ, సూదులు తోమి మరగబెట్టు. ఏమే ఫిర్దౌస్, నువ్వు మిరపకాయ ముట్టి ఎన్నాళ్లైంది?"

"కడుపొచ్చిన్నించి కల్లానికి పోలేదు పెద్దమ్మా. కాన్పయ్యాక అమ్మ వంటింట్లోకే రానీలేదు."

"అయితే చేతులు సబ్బుతో కడుక్కుని రా, నువ్వే అల్లాలి."

"నాకు రాదు పెద్దమ్మా!"

"నాకొచ్చు గదా. నేను నోటితో అల్లుతా, నువ్వు చేత్తో అల్లు."

ప్రమీలమ్మ చేతులు కొంగులో చుట్టుకుని ఎదురుగా కూర్చుంది. "సూది దూర్చు. దారం చుట్టు. లాగు. ఇప్పుడు పాత కుట్టు జార్చు. అదీ! మళ్లీ." ఫిర్దౌస్ తప్పు దూర్చింది, తిట్లు తింది, మళ్లీ దూర్చింది. పొద్దుగూకే వేళకి సగమైంది. అప్పుడు చూసింది ప్రమీలమ్మ, నాలుగు వరసల కింద ఒక కుట్టు జారిపోయి ఉంది. ఒక్క కుట్టు తప్పితే నలభై వరసలు విప్పే మనిషి! చెయ్యి కొంగులోంచి బయటికొచ్చేసింది. ఆమే దాన్ని వెనక్కి లాక్కుంది.

"విప్పమంటావా పెద్దమ్మా?"

"విప్పితే రేపటికి కాదు. ముందుకి పో."

మర్నాడు ఆసుపత్రిలో టోపీ సరిగ్గా సరిపోయింది. ప్రమీలమ్మ లోపలికి రానంది, తలుపు అద్దంలోంచి గంటసేపు ఆ పిల్ల నుదురే చూస్తూ నిలబడింది. ఎక్కడా ఎర్రబడలేదు. తల్లి గుండెల మీద పిల్ల ఒకసారి ఆవులించి నిద్రపోయింది. జారిపోయిన కుట్టులోంచి చెవి కొస బయటికి కనబడుతోంది.

ఫిర్దౌస్ బయటికొచ్చి సిగ్గుపడింది. "చెవి కనబడుద్ది పెద్దమ్మా."

"కనబడనీ" అంది ప్రమీలమ్మ. "నేను అల్లినయ్యన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. పద, కాళ్లు గూడా ఉన్నయ్ గదా పిల్లకి. ఇంటికెళ్లి సాక్సులు మొదలుపెట్టు."