మగ్గాల మోతలో బుడ్డోడి నిద్ర

పోయిన వారం మా ఇంటి ఓనరు తన మరమగ్గాలన్నింటినీ విప్పించి, పాత ఇనుము కొనేవాళ్ల బండికి ఎత్తించేశాడు. ప్రొద్దుటూరులో మేము అద్దెకుంటున్న వాటాకూ ఆయన మగ్గాల గదికీ మధ్య ఉన్నది ఒక్క గోడే. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆ టకటకలకు తల పగిలిపోతుందేమోనని భయపడిన నేను, ఏళ్లు గడిచేకొద్దీ అవి ఆడుతుంటే తప్ప మధ్యాహ్నం పూట కన్ను మూయలేనిదాన్ని అయిపోయాను. మీలో మగ్గాల పక్కనో, మిల్లుల పక్కనో, రైలు కట్టల పక్కనో బతికినవాళ్లకు ఇది వింతగా తోచదు. ఆ బండి వీధి మలుపు తిరిగాక అన్నం తిని చాప వేసుకుని పడుకున్నాను. గోడ అవతల చప్పుడు లేదు, నాకు నిద్రా లేదు. ఊరికే కళ్లు మూసుకుంటే మా చెల్లెలి కుక్క బుడ్డోడు కళ్లలో మెదిలాడు.

ముత్తాతల నాడు, మిషన్ దొరల కాలంలో క్రైస్తవులైన కుటుంబం మాది. మా ఇళ్లల్లో ఆడపిల్ల చదివితే టీచరో నర్సో కావడం ఆనవాయితీ కాబట్టి నేను టీచరునయ్యాను, చెల్లెలు జమ్మలమడుగులో నర్సయింది. తనకు పిల్లలు లేరు. భర్త ఉన్నట్టుండి పోయాక నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడకుండా గోడకు ఆనుకుని కూర్చునేది. ఆ రోజుల్లో ఒక వానకు తడిసి, గేటు సందులోంచి దూరి వచ్చిన గోధుమరంగు నాటుకుక్కపిల్ల వీడు. వాడికి పాలు పోయడానికి తను లేచింది, వాణ్ని తిప్పడానికి వీధిలోకి వచ్చింది, వాణ్ని తిట్టడానికి మళ్లీ నోరు విప్పింది. అందుకే ఐర్లండులోని ఒక ఆసుపత్రి నుంచి ఉద్యోగానికి పిలుపు వచ్చి మేమంతా సంబరపడుతుంటే, తను మాత్రం ఒకటే మాట అంది.

"వాన్ని ఈడ ఇడ్సిపెట్టి నేను యాడికీ పోనక్కా."

కుక్కను విమానంలో పంపడమంటే టికెట్టు కొని ఎక్కించడమే అనుకున్న అమాయకులం మేము. పశువుల డాక్టరు వాడి మెడ దగ్గర చర్మం కింద బియ్యపు గింజంత చిప్పు పెట్టి, ఆ తర్వాత పిచ్చికుక్క రోగం రాకుండా టీకా వేశాడు. కొన్ని వారాలు ఆగి రక్తం తీసి, పరీక్షకు దేశం దాటించారు. ఫలితం మంచిగా వచ్చినా మరికొన్ని నెలలు ఆగితే తప్ప ఆ దేశం వాణ్ని రానివ్వదట. వాడి సంగతేమో గానీ ఈ పరీక్షలకు మనకు పిచ్చి పట్టేట్టుందని మా ఆయన విసుక్కునేవారు. అన్నింటికంటే కష్టమైనది పెట్టె. గాలి ఆడే సందులున్న గట్టి ప్లాస్టిక్ పెట్టెలో వాడు నిలబడగలగాలి, ఇటు నుంచి అటు తిరగగలగాలి, ఇంజన్ల మోతలో గంటల కొద్దీ గాభరా పడకుండా పడుకోగలగాలి. మత్తుమందు ఇవ్వకూడదు. చెల్లెలికి ఒక పక్క డ్యూటీలు, ఇంకో పక్క ఇంగ్లీషు పరీక్షకు చదువు. అందుకని పెట్టెనూ బుడ్డోణ్నీ మా ఇంట్లో దింపి, అలవాటు చేసే పని నాకు అప్పగించింది. ఎందరో మొండిపిల్లలను బెంచీల మీద కూర్చోబెట్టినదాన్ని, వీడొక లెక్కా అనుకున్నాను.

వాడు పెట్టెను చూస్తే చాలు మంచం కిందికి దూరేవాడు. చెల్లెలి పాత చీర లోపల పరిస్తే, మూతి చాచి చీరను బయటికి లాక్కుని దాని మీద పడుకున్నాడే తప్ప కాలు లోపల పెట్టలేదు. అప్పుడు గోడ అవతలి మోత నాకు కొత్తగా వినపడింది. విమానంలో మాత్రం ఇంతకన్నా ఏముంటుంది? ఓనరును అడిగితే ఆయన పకపకా నవ్వాడు.

"ఈ మోతకు మనుషులే నిలబడల్యారు, కుక్క పండుకుంటాదా టీచరమ్మా?"

నవ్వుతూనే ఒక మూల జాగా చూపించాడు. ఆ వేసవి సెలవుల మధ్యాహ్నాలు తలచుకుంటే ఇప్పటికీ నాకు కళ్లు బరువెక్కుతాయి. పైకప్పులోని అద్దపు పెంకు నుంచి ఒక ఎండ పలక కిందికి దిగేది, అందులో నూలు ధూళి మెల్లగా తేలుతూ వచ్చి బుడ్డోడి ముక్కు మీద వాలేది, వాడు తుమ్మి నా వంక నేరం నాదే అన్నట్టు చూసేవాడు. తలుపు తీసిన పెట్టె పక్కన నేను స్టూలు వేసుకుని, తల గోడకు ఆనించి, చిన్నప్పుడు అమ్మ తొడ మీద పడుకుని విన్న కీర్తనలన్నీ ఆ మోతలో కలిసి వినిపిస్తున్నట్టుంటే అలాగే జోగేదాన్ని. ఒకరోజు మెలకువ వచ్చి చూస్తే పక్కన వాడు లేడు. పెట్టెలోకి వంగి చూశాను. చీర అంచు మీద గడ్డం ఆనించి, నాలుగు కాళ్లూ చాపుకుని, హాయిగా గురక పెడుతున్నాడు. వెంటనే చెల్లెలికి ఫోన్ చేసి ఆ మాట చెప్పాను.

గండం గడిచిందనుకున్నాం. అసలు గండం మా వాళ్ల ప్రేమ రూపంలో వచ్చింది. మాలో ఎవరైనా దూరదేశం పోతుంటే చుట్టాలు ఇంటింటా ప్రార్థన కూడిక పెడతారు. కీర్తనలు పాడి, వాక్యం చదివి, పోయేవాళ్లను మధ్యలో కూర్చోబెట్టి తల మీద చేతులుంచి ప్రార్థన చేసి, ఆ తర్వాత కడుపునిండా భోజనం పెట్టి పంపుతారు. చెల్లెలి పక్కన వీడు కూడా బుద్ధిగా కూర్చునేవాడు గనుక ప్రార్థనలో వాడి పేరూ చేరింది, ప్రార్థనలో చేరినవాడికి విస్తరి వేయకుండా ఎలా ఉంటారు? ప్రొద్దుటూరులో బిరియానీ, జమ్మలమడుగులో సంగటీ తలకాయ కూరా అయ్యాయి. ఆఖరికి పులివెందులలో మా చిన్నమ్మ, మళ్లీ చూస్తానో లేదోనని వాణ్ని తన అరటితోటలోనే కొన్నాళ్లు ఉంచేసుకుంది. వద్దు చిన్నమ్మా అంటే ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

"నోరులేని పానం, అంత దూరం పోతాండాడు పాపా. నాలుగు ముక్కలు తింటే ఏమైతాది?"

ఏమైందో వాణ్ని పెట్టెలోకి పంపినప్పుడు తెలిసింది. లోపలికి పోయినవాడు వెనక్కి తిరగలేక అలాగే వెనక కాళ్లతో బయటికి వచ్చాడు. మా ఆయన టేపు తెచ్చి వాడి నడుము కొలిచి, టేపును చుట్టేశారు. చెన్నైలో ప్రయాణం చూసే ఏజెంటును అడిగితే, ఆ విమానంలో ఆ పెట్టె కొలతకే చోటు ఖాయం చేశామని, ఇంతకన్నా పెద్దది పట్టదని, లోపల తిరగలేని కుక్కను ఎక్కించుకోరని చెప్పాడు. అప్పటికి ప్రయాణానికి నెల రోజులు కూడా లేవు, ఉద్యోగంలో చేరే గడువును ఇక పొడిగించలేమని ఆసుపత్రివాళ్లు చెప్పేశారు. చెల్లెలు ఇంటికి పోయి, సర్దిన సూట్‌కేసు తెరిచి చీరలు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెట్టుకోసాగింది.

వాణ్ని చిక్కించడానికి నేను బడికి సెలవు పెట్టి, జమ్మలమడుగుకు పోయి తన దగ్గరే ఉండిపోయాను. తెల్లవారుజామున ముగ్గురం పెన్న ఏట్లోకి దిగేవాళ్లం. ఇసుకలో నడక వాడికి అలసట, మాకు మోకాళ్ల నొప్పులు. ఇంటికి వస్తే వాడికి సొరకాయ ముక్కలు కలిపిన పిడికెడు అన్నం, ఆ గిన్నె వంక చూసి మా మొహాల వంక చూసేవాడు, జాలేసేది. అయినా ఆ నడకలు నాకు కలలాగే గుర్తున్నాయి. మంచులో అవతలి గట్టు కనపడేది కాదు, సన్నటి నీటిపాయ దగ్గర వాడు ఆగితే మేమూ ఆగేవాళ్లం, పెళ్లిళ్లయ్యాక మేమిద్దరం అంత తీరిగ్గా పక్కపక్కన నడిచింది లేదు. ఒక్కోరోజు, వీడు చిక్కకుంటే చెల్లెలు పోనే పోదు కదా అనిపించేది. వెంటనే, గోడకు ఆనుకుని కూర్చున్న దాని పాత మొహం గుర్తొచ్చి, పోనీ, ఎక్కడైనా బతకనీ అనుకుని వాణ్ని ఇంకాస్త దూరం నడిపించేదాన్ని.

చెన్నైలో సరుకు విమానాలకెక్కించే చోట చుట్టూ బండ్ల రొద, యంత్రాల హోరు. అధికారి పెట్టె ముందు వంగి చూస్తుంటే చెల్లెలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బుడ్డోడు లోపలికి పోయాడు, గోడలకు ఒరుసుకుంటూ ఒక చుట్టు తిరిగి మా వైపు మొహం పెట్టాడు, చీర మీద పడుకుని, ఆ హోరు మధ్య ఆవులించి కళ్లు మూసుకున్నాడు. వాడికి అది మా మగ్గాల గది. అక్కడే నిలబడి ఇద్దరం వెక్కి వెక్కి ఏడ్చాం.

ఐర్లండు పోయాక కొత్త చిక్కు వచ్చింది. ఆ ఊరు నిశ్శబ్దమట, వాన చినుకులు తప్ప చప్పుడే ఉండదట, వాడు నిద్రపోక గదిలో తిరుగుతూనే ఉన్నాడట. నేను ఫోన్ పట్టుకుని మగ్గాల దగ్గర నిలబడ్డాను. ఓనరు నవ్వుతూ ఇంకో మగ్గం కూడా ఆడించాడు. చెల్లెలు ఆ మోతను రికార్డు చేసుకుని, డ్యూటీకి పోయే ముందు రోజూ పెట్టి పోయేది.

ఇప్పుడు బుడ్డోడు ముసలివాడు, మూతి నెరిసింది. మా చిన్నమ్మ లేదు. ఇప్పుడెవరు ఊరు దాటినా ప్రార్థనలు కూడా ఫోన్లలోనే జరిగిపోతున్నాయి, విస్తరి వేసేవాళ్లు లేరు. వీధిలో ఒక్కొక్క మగ్గాల గదికీ తాళం పడుతూ వచ్చింది, ఆఖరి మగ్గాలు మా గోడ పక్కవే.

నిద్ర పట్టక నిన్న మధ్యాహ్నం చెల్లెలికి ఫోన్ చేశాను. అక్కడ అప్పుడే పొద్దున, డ్యూటీకి బయలుదేరుతోంది. మగ్గాలు పోయాయని చెబితే, "ఉండక్కా, వాని పక్కన ఫోన్ పెట్టి పోతాండా, ఇనుకుంటా పండుకో" అంది. ఫోన్ దిండు మీద పెట్టుకున్నాను. అందులో మా గోడ అవతలి మగ్గాలు ఆడుతున్నాయి, ఆ మోత అడుగున బుడ్డోడు గురక పెడుతున్నాడు. ఎప్పుడు నిద్ర పట్టిందో నాకు తెలియదు.