పుట్టుకతోనే ఉన్న చిల్లు

తొంభైల చివర్లో బెంగళూరు పాతపేటలో ఉండేవాళ్లం. ఇంటి ముందు గదిలోనే మరమగ్గాలు ఆడేవి. మా సందులో ఎవరికి కడుపునొప్పి వచ్చినా డాక్టరు కంటే ముందు మా అత్త దగ్గరికి వచ్చేవారు. బొడ్డు జారిందని ఆమె తేల్చేది. ఆముదం రాసి, బొడ్డు మీద చిన్న దీపం పెట్టి, దానిమీద చెంబు బోర్లించేది. దీపం ఆరగానే చెంబు చర్మాన్ని పట్టుకుని లాగేది. నొప్పి పోయిందని చాలామంది నవ్వుతూ లేచేవారు. నాకు మాత్రం ఆ వైద్యమంటే ఒళ్లుమంట. ఆ మాట ఆమె ముందే అనేదాన్ని.

ఒక పొద్దున నా భర్త పడుగు నూలు చుట్టిన బరువైన ఇనుప బీము ఎత్తి మగ్గానికి బిగిస్తూ, ఎడమ డొక్క పట్టుకుని కూలబడ్డాడు.

"బరువెత్తినాడు గదా, బొడ్డు జారుండాది," అంది అత్త.

ఆస్పత్రికి పోదామంటే తల్లీకొడుకులిద్దరూ వినలేదు. ఆమె కడుపును కింది నుంచి పైకి తోమింది, చెంబు పెట్టింది. నొప్పి తగ్గకపోగా వాంతులు మొదలయ్యాయి. సాయంత్రానికి ఆయనకు ఊపిరి అందడం లేదు, పెదవులు నీలంగా మారాయి. ఇక ఎవరినీ అడక్కుండా ఆటో పిలిచాను.

ఎక్స్‌రే చూసిన డాక్టరు మొహం మారిపోయింది. ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే పొరలో చిల్లు ఉందట. అందులోంచి పేగులు పైకెక్కి ఊపిరితిత్తిని నొక్కేస్తున్నాయట. వెంటనే ఆపరేషన్ చెయ్యకపోతే దక్కడన్నాడు.

ఆయన్ని లోపలికి తీసుకెళ్లాక నేను అత్తతో పలకలేదు. మనిషి దక్కకపోతే ఆమెను ఏమేం అనాలో మనసులో కూడబెట్టుకుంటూ కూర్చున్నాను. అంత కోపం నాకు మళ్లీ ఎన్నడూ రాలేదు.

నల్లబడిన పేగు కొంత కోసేశామనీ, మిగతాది కిందికి దించి చిల్లు కుట్టేశామనీ, ఇక ప్రాణానికి భయం లేదనీ డాక్టరు బయటికి వచ్చి చెప్పాడు. నేను భోరున ఏడ్చేశాను.

అత్త మాత్రం ఏడవలేదు. "నేను తోమినందుకే చిల్లు పడిందా అప్పా?" అని అడిగింది.

"లేదమ్మా, అది పుట్టుకతోనే ఉంది. మీ కడుపులో ఉన్నప్పుడే ఆ పొర పూర్తిగా మూసుకోలేదు. ఇన్నేళ్లూ బయటపడలేదు, అంతే," అన్నాడు డాక్టరు, ఆమెకు ఊరటగా ఉంటుందనుకుని.

 అత్త నా కొంగు పట్టుకుంది.

"ఓటి బిడ్డను కని నీకు కట్టబెట్టినానే, అమ్మీ."

 "బతికినాడు గదా అత్తా," అన్నాను. ఆమె నా మాట వినిపించుకోలేదు.

ఆయన కోలుకుని మళ్లీ మగ్గం పనిలో పడ్డాడు. కానీ ఆయన కాస్త దగ్గినా, ఆమె పోయేదాకా, కొడుకు వైపు కాదు, భయంభయంగా నా ముఖంలోకి చూసేది.